పందిరి మంచం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రతి వస్తువు వెనుకా దాన్ని చేసినవారి నైపుణ్యం, వాడినవారి అవసరం, ఆ కాలపు సంఘ స్వరూపం దాగి ఉంటాయి. ఒకనాడు తెలుగునాట కలిగిన ఇళ్లకు అలంకారంగా నిలిచిన పందిరి మంచాన్ని ఆధారంగా చేసుకొని భాష, శిల్పం, ఆరోగ్యం, సంఘజీవనం వంటి విషయాలను పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠ్యభాగం

మా అమ్మమ్మగారి ఊరు గోదావరి కాలువ గట్టున ఉన్న చిన్న పల్లె. ఆమె కాలం చేసిన ఏడాదికి పాత పెంకుటింటిని విప్పించి డాబా కట్టాలని మామయ్యలు నిర్ణయించారు. పంపకాలకు అందరూ చేరారు. పొలానికి వాటాలు వేసుకున్నారు. బంగారం తూచుకున్నారు. ఇత్తడి గంగాళాలు, రాగి బిందెలు, కంచు మరచెంబులు తలా ఒకటి తీసుకున్నారు. చివరికి ఎవరూ అడగని వస్తువు ఒకటి మిగిలింది. పడమటింట్లో సగం చోటు ఆక్రమించుకొని నిలిచిన పందిరి మంచం అది.

"మా ఫ్లాటు గుమ్మంలో పట్టదు" అన్నారు పెద్దమామయ్య. "పైన పందిరి ఉంటే ఫ్యానుగాలి తగలదు" అన్నారు చిన్నమామయ్య. మా అమ్మ ఏమీ అనలేదు. మూడోనాడు పట్నం నుంచి పాత సామాన్ల వర్తకుడు వచ్చాడు. మంచం మొత్తం తనకు అవసరం లేదనీ, నాలుగు స్తంభాలూ తలవైపు పలకా కోసి ఇస్తే చాలుననీ చెప్పాడు. స్తంభాలను దీపపు కంబాలుగా మలుస్తారట. పలకను హోటలు గోడకు అలంకారంగా బిగిస్తారట. మర్నాడు జవాబు చెబుతామన్నారు మామయ్యలు.

ఆ రాత్రి నేను ఆ మంచం మీదే పడుకున్నాను. నాలుగు వైపులా తెరలు దించుకొని చూస్తే, మూడు తెరలు తెల్లనివి, కాళ్లవైపు తెర మాత్రం నీలిరంగుది. చిన్నప్పుడు దీని కారణం అడిగితే అమ్మమ్మ నవ్వి ఊరుకొనేది. ఆ ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఒక వస్తువును కోయించే ముందు అది ఏమిటో, ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలని నాకు అప్పుడు అనిపించింది. ఈ వ్యాసం ఆ ఆలోచన ఫలితమే.

ముందుగా పేరును పరిశీలిద్దాం. శయ్యకు మన భాషలో పేర్లు అనేకం. నులక మంచం, నవారు మంచం, పట్టె మంచం అనేవి వాడుకలోని మాటలు. పాన్పు, తల్పం, పర్యంకం అనేవి కావ్యభాషలోని మాటలు. పర్యంక శబ్దానికే పల్యంకమనే రూపాంతరం ఉంది. పల్లకి అనే మాట దాని నుంచి వచ్చినదే. పైన కప్పు, పక్కల తెరలు కలిగిన పల్లకి నిజానికి నలుగురు మోసే మంచమే కదా! మంచానికి నాలుగు మూలలా స్తంభాలు లేపి, వాటిపైన చట్రం బిగించి, వస్త్రం పరిస్తే అది పందిరి మంచం అవుతుంది. ఆ వస్త్రాన్ని కావ్యాల్లో మేల్కట్టు అన్నారు, వాడుకలో చాందినీ అన్నారు. వాకిట్లో వేసిన పెళ్లిపందిరి నాలుగునాళ్లలో విప్పేస్తారు. గదిలో వేసిన ఈ పందిరి మాత్రం మూడు తరాలు నిలుస్తుంది.

ఇంగ్లీషువారు ఇటువంటి కప్పును కానొపీ అంటారు. ఆ మాట పూర్వచరిత్ర చాలా ఆసక్తికరమైనది. గ్రీకు భాషలో కోనోప్స్ అంటే దోమ. దోమలు రాకుండా తెర కట్టిన శయ్యను వారు కోనోపియోన్ అన్నారు. లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ప్రయాణించి ఆ పదమే కానొపీ అయింది. రాజుల సింహాసనాలపై నిలిచే కప్పుకు కూడా ఈనాడు వాడే ఆ గంభీరమైన మాట చిన్న దోమ నుంచి పుట్టిందన్నమాట. వైభవానికి గుర్తుగా కనిపించే వస్తువు మూలంలో ఒక నిత్యావసరం ఉందని ఈ మాటే మనకు చెబుతున్నది.

ఇక నిర్మాణం సంగతి. గోదావరి ప్రాంతంలో పందిరి మంచానికి టేకు శ్రేష్ఠమైన కలప. మన్యపు అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి నదిలోకి వదిలితే ప్రవాహం వెంట అవి రాజమండ్రి అడితీలకు చేరేవి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అందువల్ల దానికి చెదపురుగు సులభంగా పట్టదు. తేమకు ఉబ్బడం, ఎండకు చీలడం కూడా తక్కువే. వడ్రంగి ముందు చేవ చూసి చెక్కను ఎంచుకొంటాడు. బాడితతో చెక్కి, చిత్రిక పట్టి, ఉలితో లతలూ పద్మాలూ చిలుకలూ తీరుస్తాడు. అన్నిటికంటె ముఖ్యమైనది అతుకు. పట్టె కొనను సన్నగా చెక్కితే అది కూసం. కోడులో దానికి సరిపడే తొర్ర తొలుస్తారు. కూసం తొర్రలో బిగిసి కూర్చుంటే మేకుతో పని లేదు. మనిషి కృంగిపోయినప్పుడు 'కూసాలు కదిలిపోయాయి' అని మనం అంటాం. ఆ నానుడి వడ్రంగి పని నుంచి వచ్చినదే.

మేకులు లేకపోవడంలో మరొక సౌకర్యం ఉంది. మంచాన్ని భాగాలుగా విప్పి బండిపై వేసి, మరొక ఊరిలో తిరిగి నిలబెట్టవచ్చు. పెళ్లికూతురి వెంట సారెగా కదిలిన మంచానికి ఈ గుణం ఉండక తప్పదు.

ఇంత కష్టపడి మంచానికి పందిరి ఎందుకు వేశారు? వేర్వేరు దేశాల్లో ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు కనిపిస్తాయి. ఈజిప్టులో గీజా పిరమిడ్ల చెంత 1925లో ఒక సమాధి బయటపడింది. అది మహా పిరమిడు కట్టించిన కూఫు చక్రవర్తి తల్లి హెటెఫెరిస్ రాణిది. కాలం సుమారు 4,600 ఏళ్ల నాటిది. అందులో ఆమె మంచం, దానిపై నిలిపే బంగారు రేకు తాపిన పందిరి చట్రం, తెరలు దాచుకొనే పెట్టె దొరికాయి. కర్ర శిథిలమైపోయినా, బంగారు రేకుల ఆధారంగా పండితులు ఆ చట్రాన్ని తిరిగి నిలబెట్టగలిగారు. అది కూడా విప్పి మరొక చోటికి తీసుకుపోవడానికి వీలుగా చేసినదే.

ఆ దేశాన్నే క్రీ.పూ. 5వ శతాబ్దిలో చూసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మరొక విషయం రాశాడు. నైలునదీ తీరంలోని జాలరులు పగలు చేపలు పట్టిన వలనే రాత్రి మంచం చుట్టూ కట్టుకొని, దోమల బాధ లేకుండా నిద్రపోయేవారట. రాణి తెర, జాలరి వల వెలలో వేరు, కాని రెండూ నిద్రించే మనిషి చుట్టూ కట్టినవే.

ఐరోపాలో సమస్య చలి. పెద్ద కోటల గదుల్లో పొయ్యి వేడి చాలేది కాదు. మంచానికి మందమైన ఉన్ని తెరలు దించుకొంటే లోపలివారి శరీరపు వేడి బయటికి పోకుండా నిలిచేది. సేవకులు కూడా అదే గదిలో పడుకొనే ఆచారం ఉండడం వల్ల ఆ తెరలే ఏకాంతాన్నీ ఇచ్చేవి. ఇంగ్లండులోని వేర్ పట్టణంలో ఒక సత్రం కోసం సుమారు 1590లో చేసిన సిందూర కలప మంచం వెడల్పు 3 మీటర్లకు పైగా ఉంటుంది. షేక్‌స్పియర్ నాటకం 'ట్వెల్ఫ్త్ నైట్'లో దాని ప్రస్తావన ఉంది. 1931లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాన్ని కొన్నది. ఆ కాలంలో మంచం ఇంట్లోని విలువైన ఆస్తి. షేక్‌స్పియర్ 1616లో రాసిన వీలునామాలో తన రెండో మంచి మంచాన్ని భార్యకు ఇస్తున్నట్లు పేర్కొన్నాడు. చైనాలో పందిరి మంచం వధువు తెచ్చుకొనే సామగ్రిలో ప్రధానమైనది. కొన్నిటికి ముందు వసారా వంటి భాగాన్ని కూడా చేర్చి మంచాన్నే ఒక చిన్న గదిగా మార్చారు.

మన దేశంలో కేరళ రాజులు కట్టించిన పద్మనాభపురం కోటలో, ప్రస్తుత తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాలో, నాలుగు స్తంభాల మంచం ఒకటి ఉంది. అది అనేక రకాల ఔషధ వృక్షాల కలపతో చేసినదని ప్రసిద్ధి.

తెలుగునాట చలి సమస్య కాదు. పెంకుటింటి కప్పు సమస్య. గాలివాన వీచినప్పుడు పెంకుల సందుల నుంచి దుమ్ము, మట్టిబెడ్డలు, ఒక్కొక్కసారి తేళ్లు, జెర్రులు కింద పడేవి. దూలాల మీద ఎలుకలు పరుగులు తీసేవి. మేల్కట్టు వాటన్నిటినీ పైనే ఆపేది. ఉమ్మడి కుటుంబంలో ఒకే ఇంట పదిమంది నిద్రించేటప్పుడు తెర కొత్త దంపతులకు గదిలో మరొక గది అయ్యేది. బాలింతకూ పసిబిడ్డకూ అది చాటు అయ్యేది. వీటన్నిటికంటె మించినది దోమ. కాలువలు, చెరువులు, వరిచేలు ఉన్న నేలలో దోమకు కొదవ లేదు. దోమ తెచ్చేది నిద్రాభంగం మాత్రమే కాదని మనకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందని పూర్వం అనేక దేశాలవారు నమ్మేవారు. మలేరియా అనే మాటకు ఇటాలియన్ భాషలో అర్థం చెడుగాలి. ఈ నమ్మకాన్ని తుడిచిపెట్టిన పరిశోధన మన సికింద్రాబాదులోనే జరిగింది. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమతెర దించిన మంచంపై పడుకోబెట్టి, లోపలికి దోమలను వదిలాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. రక్తం తాగిన ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. 1897 ఆగస్టు 20న ఒక ఎనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమి ఎదుగుతున్న దశను చూశాడు. ఈ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. దోమను బయట ఉంచడానికి పుట్టిన తెర, ఆనాడు దోమను లోపల ఉంచడానికి ఉపయోగపడి లోకానికి మేలు చేసింది.

మూడేళ్ల తరువాత మరొక పరీక్ష జరిగింది. 1900లో ఇటలీలోని ఆస్టియా సమీపాన, మలేరియా తీవ్రంగా ఉన్న చిత్తడినేలలో, ఇంగ్లండు నుంచి వచ్చిన వైద్యులు దోమ చొరబడని కుటీరంలో నెలల తరబడి నివసించారు. రాత్రివేళ తెరచాటున ఉండడం తప్ప వేరే జాగ్రత్త తీసుకోలేదు. చుట్టుపక్కలవారికి జ్వరాలు వచ్చినా వీరికి రాలేదు. తెర విలువ శాస్త్రీయంగా రుజువైంది. తరువాతి కాలంలో దోమతెరలకు కీటకనాశిని పట్టించే పద్ధతి వచ్చింది. 2000 నుంచి 2015 వరకు ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న దేశాల్లో సుమారు 66 కోట్ల మలేరియా కేసులు నివారించబడ్డాయనీ, అందులో మూడింట రెండు వంతులు ఇటువంటి తెరల వల్లనేననీ శాస్త్రవేత్తలు 2015లో అంచనా వేశారు. మన ఏజెన్సీ గ్రామాల్లో కూడా ప్రభుత్వం వీటిని పంపిణీ చేసింది. ఒకనాడు కలిగినవారి మంచానికే కట్టిన తెర ఈనాడు గుడిసెలోకి కూడా ప్రవేశించింది. పందిరి మంచం చరిత్రలో అత్యంత ముఖ్యమైన ఘట్టం ఇదే.

అయితే ఈ మంచానికి మరొక పార్శ్వం ఉంది. దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. పందిరి మంచం సామాన్యుని సొత్తు కాదు. దాన్ని తుడిచి, తెరలు ఉతికి, పరుపులు ఎండబెట్టినవారు నేలమీద చాప పరచుకొని పడుకొన్నారు. దోమ మాత్రం భేదం చూపలేదు. తెర లేనివారినే ఎక్కువగా కుట్టింది. ఇక సారె సామాన్లలో పందిరి మంచం ఉండాలనే పట్టుదల ఎందరు తండ్రులను అప్పులపాలు చేసిందో లెక్క లేదు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్న పెద్దల మాట ఆ మంచం విషయంలోనే చెల్లకుండా పోయింది. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లో చట్టం వచ్చినా ఆ దురాచారం అంతరించలేదు. మంచం స్థానంలో వేరే వస్తువులు వచ్చి చేరాయి.

పందిరి మంచం క్రమంగా కనుమరుగు కావడానికి కారణాలు స్పష్టమే. డాబాలు రావడంతో కప్పు నుంచి మట్టి రాలడం ఆగింది. కిటికీలకు ఇనుప జాలీ వచ్చింది. విద్యుత్తు వచ్చాక పైకప్పుకు ఫ్యాను బిగించారు. గాలి పైనుంచి రావడం మొదలుకాగానే మేల్కట్టు అడ్డమైంది. టేకు ధర పెరిగింది, గదులు చిన్నవయ్యాయి, ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. వస్తువు ఏ అవసరాల వల్ల పుట్టిందో ఆ అవసరాలు ఒక్కొక్కటిగా తొలగిపోతే అది అలంకారంగా మిగులుతుంది. అలంకారంగా కూడా చోటు లేకపోతే వర్తకుని రంపం కిందికి పోతుంది.

మర్నాడు ఉదయం వర్తకుడు వచ్చే వేళకు మా అమ్మ మంచం పట్టెమీద కూర్చుని ఉంది. నీలిరంగు తెర కథ ఆమె అప్పుడు చెప్పింది. ఈ మంచం చేయించడానికి అమ్మమ్మ తండ్రి అర ఎకరం మాగాణి అమ్మాడట. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి అమ్మమ్మకు దానిపై పడుకోవాలంటే మనసు ఒప్పేది కాదట. ఒక ఏడు వానాకాలంలో ఊరంతా చలిజ్వరాలు వచ్చాయి. పాలేరు మూడేళ్ల కొడుకు రెండుసార్లు జ్వరపడి లేచాడు. అమ్మమ్మ కాళ్లవైపు తెర విప్పి, కుట్టి, ఆ పసివాడి చాపకు కట్టించింది. "మంచం మీద తెరకు మా నాన్న పొలం పోయింది. అది ఒక బిడ్డకైనా పనికిరానీ" అన్నదట. తరువాత ఆ ఖాళీలో తన పాత నీలి చీరను కట్టుకొంది.

మామయ్యలు మాట్లాడలేదు. కొంతసేపటికి పెద్దమామయ్య లేచి, రావడానికి శ్రమపడినందుకు వర్తకునికి దారిఖర్చు ఇచ్చి పంపేశారు. ఊరి వడ్రంగిని పిలిపించారు. ఆ వృద్ధుడు చెక్కసుత్తితో కూసాలను నెమ్మదిగా తట్టి, గంటలో మంచం మొత్తం విప్పి నేలపై పరచాడు. ఒక్క మేకు లేదు, ఒక్క చెక్క చీలలేదు. "చేసినవాడు విప్పేవాణ్ణి తలచుకొని చేశాడండీ" అన్నాడు.

ఈనాడు ఆ మంచం చిన్నమామయ్య కొత్త ఇంటిలో ఉంది. మేల్కట్టు తీసేశారు కాబట్టి ఫ్యానుగాలికి అడ్డం లేదు. స్తంభాలకు పలుచని దోమతెర కట్టారు. డెంగీ తెచ్చే దోమ పగటిపూట కుడుతుంది. అందుచేత మధ్యాహ్నం కూడా తెర దించి మనవరాలిని అందులో నిద్రపుచ్చుతారు. తెర నాలుగు వైపులా ఒకే రంగు. నీలి చీర ముక్క మాత్రం మడతపెట్టి తలవైపు పలక వెనుక దాచారు. ఆ పిల్ల పెద్దదై అడిగితే చెప్పడానికి ఒక కథ ఉంది.

పాత వస్తువులన్నిటినీ దాచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అవసరమూ లేదు. కాని ఒకదాన్ని వదిలించుకొనే ముందు అది ఎవరి చేతిపనో, ఎవరి కష్టంతో ఇంటికి వచ్చిందో, ఎవరిని కాపాడిందో అడిగి తెలుసుకోవడం మన చేతిలో ఉన్న పని. ఆ సమాధానం చెప్పగల పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే అడగాలి.

కఠిన పదాలకు అర్థాలు

మేల్కట్టు = మంచం పైన కట్టే వస్త్రం, చాందినీ
పర్యంకం = మంచం
కోడు = మంచం కాలు (బహువచనం: కోళ్లు)
పట్టె = మంచానికి నిడివిగా, అడ్డంగా ఉండే చెక్క
కూసం = తొర్రలో దూరేటట్లు సన్నగా చెక్కిన కొన
అడితి = కలప అమ్మే చోటు
చేవ = చెట్టు మానులోని గట్టి భాగం
మాగాణి = నీటి వసతి గల వరిపొలం
పార్శ్వం = పక్క, వైపు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కానొపీ అనే మాట ఏ పదం నుంచి పుట్టింది?
2. హెటెఫెరిస్ రాణి సమాధి ఎప్పుడు బయటపడింది?
3. రొనాల్డ్ రాస్‌కు నోబెల్ బహుమతి ఏ సంవత్సరంలో లభించింది?

ఆ. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "పైన పందిరి ఉంటే ఫ్యానుగాలి తగలదు."
2. "అది ఒక బిడ్డకైనా పనికిరానీ."
3. "చేసినవాడు విప్పేవాణ్ణి తలచుకొని చేశాడండీ."

ఇ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పందిరి మంచం పుట్టుకకు వివిధ దేశాల్లో గల కారణాలను వివరించండి.
2. దోమతెర ప్రాధాన్యాన్ని శాస్త్ర పరిశోధనలు ఎలా నిరూపించాయో తెలపండి.
3. మీ ఇంటిలోని ఒక పాత వస్తువును గురించి పెద్దలను అడిగి, దాని చరిత్రను ఒక వ్యాసంగా రాయండి.